ఫ్యాక్టరీ నుంచి పార్లమెంటుకు: బజాజ్ కుటుంబం మూడు తరాల్లో నడిచిన దారి

ఎన్నికలొస్తే గుంటూరులో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఒక మాట వినపడుతుంది. "అన్ని కోట్లున్నాయి కదండీ, ఇంకా ఈయనకు ఎంపీ పదవి దేనికి?" 2024లో ఆ మాట మరీ గట్టిగా వినపడింది. అక్కడ గెలిచిన పెమ్మసాని చంద్రశేఖర్ అఫిడవిట్‌లో చూపించిన కుటుంబ ఆస్తి 5,700 కోట్ల రూపాయలు దాటింది మరి. అడిగినవాళ్ళకు జవాబు కూడా అక్కడే దొరుకుతుంది. ఒకాయన "ఉన్నోడు కాబట్టి కొత్తగా తినడు" అంటాడు. పక్కాయన "ఉన్నది కాపాడుకోవడానికే వస్తాడు" అంటాడు. ఈ రెండు మాటలూ తరతరాలుగా వింటున్నాం. నాకు రెండూ సగం సగంగానే తోస్తాయి.

వ్యాపారం చేసే మనిషి చట్టసభలో కూర్చుంటే ఏం జరుగుతుందో తెలియాలంటే ఊహలు సరిపోవు, ఒక జీవితాన్ని మొదటి నుంచి చూడాలి. నేను బజాజ్ స్కూటర్ల కంపెనీని నడిపిన రాహుల్ బజాజ్‌ను ఎంచుకున్నాను. కారణం ఉంది. ఆయన తాతకు డబ్బూ పలుకుబడీ ఉన్నాయి, చట్టసభ సీటు లేదు. తండ్రి జనం ఓట్లతో లోక్‌సభకు వెళ్ళారు. ఈయన ఎమ్మెల్యేల ఓట్లతో రాజ్యసభకు వెళ్ళారు. మన దేశంలో పెట్టుబడికీ రాజకీయానికీ మధ్య సంబంధం ఎలా మారుతూ వచ్చిందో ఈ ఒక్క ఇంట్లోనే చాలావరకు కనపడుతుంది.

తాత జమ్నాలాల్ బజాజ్‌ది రాజస్థాన్‌లోని సీకర్ ప్రాంతం. వార్ధాలో ఉండే సేఠ్ బచ్ఛరాజ్ కుటుంబానికి దత్తత వెళ్ళి అక్కడి వ్యాపారానికి వారసుడయ్యారు. బ్రిటిష్ ప్రభుత్వం రాయ్ బహదూర్ బిరుదు ఇస్తే 1921లో తిరిగి ఇచ్చేశారు. గాంధీజీ ఆయన్ను తన ఐదో కొడుకుగా చెప్పుకునేవారు. సేవాగ్రామ్ ఆశ్రమం వెలిసింది జమ్నాలాల్ ఇచ్చిన భూమిలోనే. 1928లో వార్ధాలో తమ కుటుంబానికి చెందిన లక్ష్మీనారాయణ ఆలయం తలుపులు దళితులకు తెరిచారు. ఆ రోజుల్లో ఒక మార్వాడీ సేఠ్ అలా చేస్తే సొంత కులంవాళ్ళ నుంచి ఎంత వ్యతిరేకత వస్తుందో ఊహించుకోండి.

మనకు దగ్గరి సంగతి ఒకటుంది. 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం అనగానే మనకు పింగళి వెంకయ్య గాంధీజీకి చూపించిన జెండా గుర్తొస్తుంది. అదే సమావేశంలో తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగు చేయాలని తీర్మానించారు. అప్పటికి కాంగ్రెస్ కోశాధికారి జమ్నాలాలే. రెండేళ్ళ తర్వాత, 1923లో, నాగపూర్‌లో జెండా సత్యాగ్రహం నడిపి జైలుకు వెళ్ళిందీ ఆయనే. ఉద్యమం లెక్కలు చూస్తూ, తన జేబులోంచి ఇస్తూ, దానికోసం జైలుకు కూడా వెళ్ళిన వ్యాపారి ఆయన. 1942 ఫిబ్రవరి 11న చనిపోయారు.

ఆ కాలంలో చట్టసభలకు వెళ్ళిన పారిశ్రామికవేత్తలు లేకపోలేదు. ఘనశ్యామ్ దాస్ బిర్లా 1926లో కేంద్ర శాసనసభకు ఎన్నికై 1930లో రాజీనామా చేశారు. అహ్మదాబాద్ మిల్లుల యజమాని కస్తూర్‌భాయ్ లాల్‌భాయ్ కూడా అదే సభలో కూర్చున్నారు. రూపాయి మారకం విలువ ఎంత ఉండాలి, విదేశీ బట్ట మీద సుంకం ఎంత వేయాలి అన్నవి అప్పట్లో స్వదేశీ పరిశ్రమకు బతుకా చావా అన్న ప్రశ్నలు. వాటి గురించి సభలో మాట్లాడితే సొంత లాభం కోసం మాట్లాడినట్టూ ఉండేది, దేశం కోసం మాట్లాడినట్టూ ఉండేది. ఆ రోజుల్లో ఆ రెండూ చాలావరకు ఒకే దిక్కున ఉన్నాయి. స్వాతంత్ర్యం వచ్చాక అవి విడిపోయాయి. ఇవాళ మనం మాట్లాడుకునే చిక్కు అక్కడే మొదలైంది.

జమ్నాలాల్ కొడుకు కమల్‌నయన్ బజాజ్ 1957, 1962, 1967 ఎన్నికల్లో వార్ధా నుంచి లోక్‌సభకు గెలిచారు. ఆయన ఫ్యాక్టరీలు నడుపుతూనే ఎండలో ఊళ్ళు తిరిగి ఓట్లడిగిన మనిషి. వార్ధాలో ఆ ఇంటి పేరుకు ఉన్న గౌరవం వేరు కాబట్టి ఆయనకు అది సాధ్యమైందని నేననుకుంటాను. అందరికీ అలా కుదరలేదు. 1971 ఎన్నికల్లో నావల్ టాటా దక్షిణ బొంబాయి నుంచి, కృష్ణకుమార్ బిర్లా రాజస్థాన్‌లోని ఝున్‌ఝునూ నుంచి పోటీ చేసి ఇద్దరూ ఓడిపోయారు. "గరీబీ హటావో" నినాదం ఊరూరా మోగుతున్న ఏడాది అది. దేశంలో పెద్ద పేర్లలో రెండు పేర్లు బ్యాలెట్ పెట్టె దగ్గర నిలబడలేకపోయాయి. అదే కృష్ణకుమార్ బిర్లా తర్వాత 1984 నుంచి 2002 దాకా, అంటే 18 ఏళ్ళు, రాజ్యసభలో ఉన్నారు. పరిశ్రమల అధిపతులు పెద్దల సభ వైపు ఎందుకు తిరిగారో చెప్పడానికి ఈ ఒక్క మనిషి అనుభవం చాలు.

ఇక రాహుల్ బజాజ్. పుట్టింది 1938 జూన్ 10న, కలకత్తాలో. ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్‌లో ఎకనామిక్స్, బొంబాయిలో లా, 1964లో హార్వర్డ్ ఎంబీఏ. తిరిగొచ్చి బజాజ్ ఆటోలో చేరారు. పుణే పక్కన ఆకుర్డిలో ఫ్యాక్టరీ ఆవరణలోనే కాపురం పెట్టారు. ముంబయి వదిలి పొగ గొట్టాల పక్కన ఎందుకని అడిగినవాళ్ళు ఉండే ఉంటారు. 1968లో, 30 ఏళ్ళకే, కంపెనీ పగ్గాలు చేతికొచ్చాయి. అప్పటికి కంపెనీ టర్నోవర్ 7 కోట్ల రూపాయల పైచిలుకు. ఆయన హయాంలో అది 12,000 కోట్లకు చేరింది.

మధ్యలో జరిగిందే అసలు కథ. ఆ కథ మన ఇళ్ళలో చాలామందికి తెలుసు, కానీ ఇంకో వైపు నుంచి తెలుసు.

బజాజ్ మొదట ఇటలీ కంపెనీ పియాజియో లైసెన్సుతో వెస్పా స్కూటర్లు తయారు చేసేది. 1971లో ఆ ఒప్పందం ముగిసింది. మరుసటి ఏడాది సొంత పేరుతో చేతక్ వచ్చింది. రాణా ప్రతాప్ గుర్రం పేరది, సొంత గడ్డ రాజస్థాన్ నుంచి తెచ్చుకున్న పేరు. ఆ స్కూటరు వాడినవాళ్ళకు ఇప్పటికీ గుర్తుండే దృశ్యం ఒకటుంది. పొద్దున్నే ఇంజిను అందుకోకపోతే బండిని ఒక పక్కకు బాగా వంచి, కాసేపు అలాగే పట్టుకుని, మళ్ళీ నిలబెట్టి కిక్ కొట్టేవాళ్ళు. నాన్న బండి నడుపుతుంటే ముందు పిల్లాడు నిలబడేవాడు, వెనక అమ్మ ఒక పక్కకు తిరిగి కూర్చుని ఒళ్ళో చంటిపాపను పట్టుకునేది. మధ్యతరగతి సంసారం మొత్తం ఆ రెండు చక్రాల మీదే తిరిగేది.

కావాలంటే వెంటనే దొరికే బండి కాదు అది. పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. 1970ల్లో పదేళ్ళ దాకా ఆగినవాళ్ళున్నారు. వంతు వచ్చి బండి తీసుకున్నవాళ్ళు మర్నాడే కొన్న ధర కంటే ఎక్కువకు అమ్ముకోగలిగేవారు. పెళ్ళి సంబంధాల్లో స్కూటరు పెద్ద బేరం. మన హైదరాబాద్‌లో ఆల్విన్ కంపెనీ పుష్పక్ పేరుతో స్కూటర్లు తయారు చేసినా జనం కళ్ళు చేతక్ మీదే ఉండేవి.

జనం ఇంతగా అడుగుతుంటే కంపెనీ ఎక్కువ స్కూటర్లు ఎందుకు తయారు చేయలేదు? తయారు చేయనివ్వలేదు కాబట్టి. 1951 నాటి పరిశ్రమల చట్టం ప్రకారం ఏ వస్తువు, ఎక్కడ, ఎన్ని తయారు చేయాలో ఢిల్లీ నుంచి లైసెన్సు రావాలి. 1969లో గుత్తాధిపత్య నిరోధక చట్టం వచ్చాక పెద్ద వ్యాపార కుటుంబాలు ఫ్యాక్టరీని విస్తరించాలంటే ఇంకో అనుమతి కూడా కావలసి వచ్చింది. లైసెన్సులో రాసిన లెక్క దాటి సరుకు తయారు చేస్తే నేరం. దొంగ సరుకు కాదు, కల్తీ సరుకు కాదు, జనం డబ్బు కట్టి ఎదురుచూస్తున్న బండ్లు! "మా తాత స్వాతంత్ర్యం కోసం జైలుకెళ్ళాడు, ఎక్కువ స్కూటర్లు తయారు చేసినందుకు నన్ను జైల్లో పెడితే నేనూ వెళ్తాను" అన్న అర్థం వచ్చేలా రాహుల్ బజాజ్ అన్న మాటను వ్యాపార వర్గాలు ఇప్పటికీ చెప్పుకుంటాయి.

ఇక్కడ ఒక నిజాన్ని దాటవేయకూడదు. ఏ లైసెన్సు విధానం బజాజ్ చేతులు కట్టేసిందో అదే విధానం పోటీదారులను కూడా గేటు బయటే ఆపేసింది. పదేళ్ళ వెయిటింగ్ లిస్టు ఉన్న కంపెనీకి సరుకు అమ్ముడుపోదన్న బెంగ ఉండదు. ఆయన ఆ పద్ధతికి బాధితుడు, ఆ పద్ధతి వల్ల లాభపడినవాడు కూడా. అప్పటి పెద్ద కంపెనీల్లో చాలావాటిది ఇదే పరిస్థితి. ఈ రెండో సగం చెప్పకుండా మొదటి సగాన్నే చెబితే అది జీవిత చరిత్ర కాదు, సన్మాన పత్రం అవుతుంది.

ప్రభుత్వంతో సంబంధం కూడా ఎప్పుడూ సాఫీగా లేదు. ఎమర్జెన్సీ కాలంలో, 1976లో, బజాజ్ కుటుంబం ఇళ్ళ మీదా ఆఫీసుల మీదా ఆదాయపు పన్ను దాడులు జరిగాయి. బజాజ్‌లతో కలిసి ముకుంద్ స్టీల్ కంపెనీ నడిపిన వీరేన్ షా అప్పటికే పార్లమెంటు సభ్యుడు. ఎమర్జెన్సీని ఎదిరించడానికి పేలుడు పదార్థాలు పోగు చేశారన్న ఆరోపణతో పెట్టిన బరోడా డైనమైట్ కేసులో ఆయన్ను అరెస్టు చేశారు. ఎంపీ పదవి వ్యాపారిని కాపాడుతుందని గట్టిగా నమ్మేవాళ్ళు ఆయన సంగతి గుర్తుంచుకోవాలి. ఆ వీరేన్ షాయే 1999లో పశ్చిమ బెంగాల్ గవర్నర్ అయ్యారు.

1991లో ఆర్థిక సంస్కరణలతో తలుపులు తెరుచుకున్నాయి. లైసెన్సు పద్ధతిని అంతగా తిట్టిన మనిషి సంబరపడి ఊరుకున్నారా? లేదు. 1993లో బొంబాయిలో కొందరు పెద్ద పారిశ్రామికవేత్తలు కలిసి కూర్చున్నారు. పత్రికలు దానికి "బాంబే క్లబ్" అని పేరు పెట్టాయి. దాని గొంతు రాహుల్ బజాజ్‌దే. వాళ్ళ వాదన ఇది: విదేశీ కంపెనీలు తక్కువ వడ్డీకి తెచ్చిన డబ్బుతో వస్తాయి, మనవాళ్ళు ఇక్కడి బ్యాంకుల్లో భారీ వడ్డీకి తెచ్చుకోవాలి. దశాబ్దాల పాటు మమ్మల్ని పెరగనివ్వకుండా ఆపి ఇప్పుడు రాత్రికి రాత్రే బరిలోకి దింపితే ఎలా? ఆట స్థలం ఇద్దరికీ సమానంగా ఉండాలి కదా?

దీన్ని చాలామంది విమర్శించారు. పోటీకి భయపడుతున్నారన్నారు. ఆ విమర్శలో కొంత నిజముందని నేనూ అనుకుంటాను. అయినా ఆయన మీద నాకు గౌరవం పెరిగింది కూడా ఇక్కడే. తన ప్రయోజనం ఏమిటో దాచకుండా, తన పేరుతో, అందరి ముందూ చెప్పి ఆర్థిక మంత్రితో వాదించారు. మంత్రి గారి గదిలోకి ఒంటరిగా వెళ్ళి తన కంపెనీకి మాత్రం ఒక మినహాయింపు సంపాదించుకునే పని వేరు, ఇలా బయటపడి మాట్లాడే పని వేరు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, ముందు ముందు చట్టం సంగతి మాట్లాడుకునేటప్పుడు మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

2006లో బీజేపీ నేత ప్రమోద్ మహాజన్ హత్యకు గురయ్యారు. ఆయన ఖాళీ చేసిన మహారాష్ట్ర రాజ్యసభ స్థానానికి ఉప ఎన్నిక జరిగింది. రాహుల్ బజాజ్ స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. బీజేపీ, శివసేన మద్దతిచ్చాయి. రాష్ట్రంలో కాంగ్రెస్‌తో కలిసి ప్రభుత్వం నడుపుతున్న ఎన్సీపీ కూడా మద్దతిచ్చింది. కాంగ్రెస్ అభ్యర్థి ఓడిపోయారు. అప్పటికి బజాజ్ వయసు 68. మిగిలిన పదవీకాలం 2010 జులై దాకా, అంటే నాలుగేళ్ళు, ఆయన ఎంపీగా ఉన్నారు.

రాజ్యసభ ఎన్నిక ఎలా జరుగుతుందో కొంచెం ఓపిగ్గా చూడాలి. పారిశ్రామికవేత్తలకు ఆ సభ ఎందుకు దగ్గరి దారి అయిందో ఆ లెక్కలోనే ఉంది. ఓటర్లు ఎమ్మెల్యేలు మాత్రమే. ఒకే సీటు ఉంటే ఓటేసినవాళ్ళలో సగం కంటే ఒకటి ఎక్కువ రావాలి. మహారాష్ట్రలో 288 మంది ఎమ్మెల్యేలు కాబట్టి అందరూ ఓటేస్తే 145. ఒకేసారి ఎక్కువ సీట్లుంటే కావలసిన ఓట్లు తగ్గుతాయి. మన ఆంధ్రప్రదేశ్‌నే తీసుకోండి. 2020లో 4 సీట్లకు ఎన్నిక జరిగింది. 175 మందిని 5తో భాగిస్తే 35, అది దాటాలి కాబట్టి 36 ఓట్లు చాలు. 151 మంది ఎమ్మెల్యేలున్న పార్టీకి 4 సీట్లకూ కావలసినవి 144. లెక్క సరిపోయింది, నాలుగూ వాళ్ళకే వచ్చాయి.

ఆ నలుగురిలో రాంకీ సంస్థల వ్యవస్థాపకుడు ఆళ్ళ అయోధ్యరామిరెడ్డి ఒకరు, రిలయన్స్ సంస్థకు చెందిన పరిమళ్ నత్వానీ ఇంకొకరు. నత్వానీ గుజరాత్‌వారు. అంతకుముందు 2008లోనూ 2014లోనూ జార్ఖండ్ నుంచి రాజ్యసభకు వెళ్ళారు. ఊరు కాని ఊరు నుంచి ఎలా వెళ్ళారంటే, 2003లో చట్టం మారింది. అంతకుముందు ఏ రాష్ట్రం నుంచి వెళ్ళాలనుకుంటే ఆ రాష్ట్రంలో ఓటరుగా నమోదై ఉండాలి. ఆ షరతు తీసేసి, దేశంలో ఎక్కడ ఓటున్నా చాలన్నారు. అదే సవరణలో ఎమ్మెల్యేలు తమ ఓటును పార్టీ ఏజెంటుకు చూపించి పెట్టెలో వేయాలన్న నియమం కూడా పెట్టారు. రహస్య ఓటు పేరుతో జరిగే కొనుగోళ్ళను ఆపడానికన్నారు. ఈ రెండు మార్పులనూ 2006లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఫలితంగా అభ్యర్థి ఎవరన్నది పార్టీ అధినేత ఇంట్లోనే తేలిపోయే రోజులు వచ్చాయి. రాష్ట్రాల గొంతు వినిపించాల్సిన సభకు ఆ రాష్ట్రంతో ఏ అనుబంధమూ లేనివాళ్ళు వెళ్ళడం నాకు మింగుడుపడదు, కోర్టు సరేనన్నా సరే.

ఇంకో చిక్కు విప్ సంగతి, అంటే సభలో ఇలా ఓటేయాలని పార్టీ తన సభ్యులకు ఇచ్చే ఆదేశం. పార్టీ టికెట్ మీద గెలిచిన ఎంపీ విప్‌కు వ్యతిరేకంగా ఓటేస్తే ఫిరాయింపుల చట్టం కింద సీటు పోతుంది. స్వతంత్రుడిగా గెలిచినవాడికి ఆ బెడద లేదు. గెలిచాక ఏ పార్టీలోనూ చేరకుండా ఉంటే చాలు. రాహుల్ బజాజ్ లాంటి ముక్కుసూటి మనిషికి స్వతంత్ర సభ్యత్వం అతికినట్టు సరిపోయింది.

విప్ గురించి తెలుసుకుంటే ఇంకో పెద్ద అపోహ కూడా తీరుతుంది. ఎంపీ అయిన వ్యాపారి తన కంపెనీకి లాభం వచ్చేలా ఓటేస్తాడని మనం భయపడతాం. ఓటు నిజానికి పార్టీ చెప్పినట్టే పడుతుంది. వ్యాపారికి సభలో దొరికే అసలు బలం ఓటు కాదు. తన రంగానికి సంబంధించిన స్థాయీ సంఘంలో కూర్చోవచ్చు, బిల్లు ముసాయిదా మీద అధికారులను పిలిపించి అడగవచ్చు. మంత్రిని సభలో ప్రశ్న అడిగి జవాబు రాబట్టవచ్చు. కార్యదర్శులు వారాల తరబడి అపాయింట్‌మెంట్ ఇవ్వని పనిని పాత పార్లమెంటు భవనం సెంట్రల్ హాల్లో కాఫీ తాగుతూ ఐదు నిమిషాల్లో మాట్లాడుకోగలిగేవారు. ప్రశ్నలకు ఎంత విలువుందో 2005లో దేశం చూసింది. డబ్బు తీసుకుని ప్రశ్నలడిగినందుకు 11 మంది ఎంపీలను బహిష్కరించారు.

మరి చట్టం ఏమంటోంది? మొదట లాభదాయక పదవి. రాజ్యాంగం 102వ అధికరణం ప్రకారం ప్రభుత్వం కింద లాభం వచ్చే పదవిలో ఉన్నవాడు ఎంపీగా ఉండకూడదు, చట్టం మినహాయించిన పదవులు తప్ప. 2006లో జయా బచ్చన్ సభ్యత్వం పోయింది దీనివల్లే. ఆ గొడవ నడుస్తున్నప్పుడే అనిల్ అంబానీ కూడా రాజ్యసభకు రాజీనామా చేశారు. కానీ సొంత కంపెనీలో ఛైర్మన్ పదవి ప్రభుత్వం కింద పదవి కాదు. దానికి అడ్డు లేదు.

రెండోది కాంట్రాక్టులు. మన తెలుగు రాష్ట్రాలకు బాగా తగిలే అంశం ఇది. రోడ్లు, కాలువలు, విద్యుత్ ప్రాజెక్టులు కట్టిన కంపెనీల నుంచి వచ్చిన ఎంపీలు మనకు చాలామందే ఉన్నారు. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 9ఏ అనే సెక్షన్ ఉంది. ప్రభుత్వానికి సరుకు సరఫరా చేయడానికో పనులు చేయడానికో చేసుకున్న కాంట్రాక్టు ఇంకా నడుస్తుంటే ఆ వ్యక్తి అనర్హుడు. ఎంపీకైతే కేంద్ర ప్రభుత్వంతో ఉన్న కాంట్రాక్టు, ఎమ్మెల్యేకైతే రాష్ట్ర ప్రభుత్వంతో ఉన్నది. వినడానికి గట్టిగానే ఉంది. కానీ ఆ కాంట్రాక్టు "అతను" చేసుకున్నదై ఉండాలి. చట్టం దృష్టిలో కంపెనీ వేరే వ్యక్తి. ఎంపీ గారి పేరు మీద పది రూపాయల పని ఉంటే సీటు పోవచ్చు. ఎంపీ గారికి వాటాలున్న కంపెనీ పేరు మీద వెయ్యి కోట్ల పని ఉంటే ఈ సెక్షన్ తగలదు. పైగా కేంద్రానికి ఎన్నికైనవాడికి రాష్ట్ర ప్రభుత్వ కాంట్రాక్టులతో ఇబ్బంది లేదు. ఇంత పెద్ద సందు ఇన్నేళ్ళుగా తెరిచే ఉంది.

మూడోది సభ సొంత నియమాలు. లోక్‌సభలో 371వ నియమం ఉంది. ఒక సభ్యుడికి ఓటింగ్ విషయంలో నేరుగా ఆర్థిక ప్రయోజనం ఉందని ఎవరైనా అభ్యంతరం చెబితే స్పీకర్ తేల్చాలి. అయితే ఆ ప్రయోజనం ప్రత్యేకంగా అతనికే చెందాలి. ప్రజలందరితో పాటు అతనికీ ఉన్నదైతే, ప్రభుత్వ విధానానికి సంబంధించినదైతే లెక్కలోకి రాదు. స్కూటర్ల మీద పన్ను తగ్గిస్తే స్కూటర్ల కంపెనీ యజమానికి లాభమే. అది ప్రభుత్వ విధానం కూడా. ఇక అభ్యంతరం ఎక్కడ నిలబడుతుంది? రాజ్యసభ ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ 293వ నియమం కింద సభ్యుల ప్రయోజనాల రిజిస్టరు ఉంది. జీతం వచ్చే డైరెక్టర్ పదవులు, కంపెనీని నడిపించగల వాటాలు, డబ్బు తీసుకునే సలహా పనులు, ఇలాంటి ఐదు రకాల వివరాలు సభ్యుడు అందులో రాయాలి. తనకు ఆర్థిక ప్రయోజనం ఉన్న విషయం మీద చర్చలో మాట్లాడే ముందు ఆ మాట సభకు చెప్పాలి. బాంబే క్లబ్ రోజుల్లో రాహుల్ బజాజ్ తనంతట తాను చేసింది ఇలాంటిదే. లోక్‌సభలో ఇలాంటి రిజిస్టరు లేకుండానే దశాబ్దాలు గడిచాయి. జనం నేరుగా ఎన్నుకున్న సభలోనే ఈ కట్టుబాటు తక్కువగా ఉండటం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఓటరు చేతికి నేరుగా అందే కాగితం ఒకటుంది, నామినేషన్‌తో పాటు ఇచ్చే అఫిడవిట్. సుప్రీంకోర్టు 2002, 2003 తీర్పుల తర్వాత ఆస్తులు, అప్పులు, కేసులు అందులో రాయడం తప్పనిసరి అయింది. 2018లో ఇంకో తీర్పు వచ్చాక ఆదాయం ఎక్కడి నుంచి వస్తోందో కూడా రాయాలి. ప్రభుత్వంతోనో ప్రభుత్వ సంస్థలతోనో అభ్యర్థికి, భార్యకో భర్తకో, వాళ్ళకు వాటాలున్న ప్రైవేటు కంపెనీలకు ఉన్న కాంట్రాక్టుల వివరాలకు ప్రత్యేకంగా గడులున్నాయి. పేపర్లు మొత్తం ఆస్తి అంకెను హెడ్డింగ్‌గా వేసి వదిలేస్తాయి. నన్నడిగితే ఆ అంకె కంటే ఈ కాంట్రాక్టుల గడే ముందు చదవాలి. 5,700 కోట్లున్న మనిషి వ్యాపారం విదేశాల్లో పరీక్షల శిక్షణ కావచ్చు, 50 కోట్లున్న మనిషి ఆదాయమంతా ప్రభుత్వ బిల్లుల మీదే ఆధారపడి ఉండవచ్చు. సభలో ఎవరి నోరు ఎప్పుడు కట్టుబడుతుందో ఆస్తి అంకె చెప్పదు.

గల్లా జయదేవ్ ఇంకో రకం ఉదాహరణ. చిత్తూరు జిల్లాలో పెరిగిన అమరరాజా బ్యాటరీల సంస్థ నుంచి వచ్చి 2014లోనూ 2019లోనూ గుంటూరు నుంచి గెలిచారు. 2018 జులై 20న కేంద్రం మీద అవిశ్వాస తీర్మానంపై చర్చను మొదలుపెట్టింది ఆయనే. 2024 జనవరిలో రాజకీయాలకు విరామం అంటూ వ్యాపారం వైపు వెళ్ళారు. వేల మంది పనిచేసే కంపెనీని భుజాన వేసుకుని ప్రతిపక్ష బెంచీ మీద కూర్చున్నవాడికి ఎంత టెన్షన్ ఉంటుందో బయటివాళ్ళకు తేలిగ్గా అర్థం కాదు. అధికార పక్షంలో ఉన్న వ్యాపారి ఎంపీని అనుమానంతో చూడటం మనకు అలవాటే. ప్రతిపక్షంలో ఉన్న వ్యాపారి ఎంపీకి ఎదురయ్యే ఒత్తిడి గురించి మాత్రం మనం పెద్దగా మాట్లాడుకోం. అధికార పక్షంలో ఉంటే కాంట్రాక్టులు, ప్రతిపక్షంలో ఉంటే తనిఖీలు. కంపెనీ ఆ రెంటి మధ్యా నలుగుతుంది.

రాహుల్ బజాజ్ రాజ్యసభలో ఉన్న నాలుగేళ్ళలోనే ఆయన ఇంట్లో పెద్ద మార్పులు జరిగాయి. తమ్ముడు శిశిర్‌తో చాలాకాలం నడిచిన ఆస్తుల వివాదం 2008లో తేలింది. 2009లో కొడుకు రాజీవ్ స్కూటర్ల తయారీ మానేసి మోటారు సైకిళ్ళ మీదే దృష్టి పెడతామని ప్రకటించారు. ఆ నిర్ణయం తనకు బాధ కలిగించిందని తండ్రి నలుగురిలోనూ చెప్పారు. కంపెనీ మాత్రం కొడుకు చెప్పిన దారిలోనే వెళ్ళింది. చేతక్ పేరు 2020లో బ్యాటరీ బండిగా మళ్ళీ రోడ్డెక్కింది.

2019 నవంబర్ 30న ముంబయిలో ఒక ఆర్థిక పత్రిక అవార్డుల సభ జరిగింది. వేదిక మీద హోంమంత్రి అమిత్ షా, ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్, రైల్వే మంత్రి పీయూష్ గోయల్. హాలు నిండా పారిశ్రామికవేత్తలు. 81 ఏళ్ళ రాహుల్ బజాజ్ మైకు అందుకుని, మీకు నచ్చకపోవచ్చు గానీ నాకు రాహుల్ అని పేరు పెట్టింది జవహర్‌లాల్ నెహ్రూ అని మొదలుపెట్టారు. గత ప్రభుత్వాన్ని మేం ఎవరైనా తిట్టగలిగేవాళ్ళం, మీరు మంచి పనులు చేస్తున్నారు కానీ మిమ్మల్ని బహిరంగంగా విమర్శిస్తే మెచ్చుకుంటారన్న నమ్మకం మాకు లేదు, నా పారిశ్రామిక మిత్రులెవరూ ఈ మాట బయటికి అనరు అన్నారు. ఎవరూ భయపడక్కర్లేదని అమిత్ షా జవాబిచ్చారు. అలాంటి వాతావరణం ఉందంటే దాన్ని మెరుగుపరచాల్సిన బాధ్యత తమ మీద ఉందని కూడా అన్నారు. ఆ రోజుకు బజాజ్ ఏ సభలోనూ సభ్యుడు కాదు. రాజ్యసభ వదిలి తొమ్మిదేళ్ళు దాటింది. ప్రశ్నోత్తరాల సమయంలోనో స్థాయీ సంఘంలోనో వినపడాల్సిన మాట ఒక అవార్డుల సభలో వినపడింది.

2021 ఏప్రిల్ 30న ఆయన బజాజ్ ఆటో ఛైర్మన్ పదవి నుంచి దిగిపోయారు. 2022 ఫిబ్రవరి 12న పుణేలో కన్నుమూశారు. మహారాష్ట్ర ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. అంతకు ఒక్కరోజు ముందే తాత జమ్నాలాల్ పోయి సరిగ్గా 80 ఏళ్ళు నిండాయి.